ఫొటోలో పడని బరువు

సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కుతూ, రోడ్డు పక్క చదునుగా ఉన్న చోట ట్రైపాడ్ దించారు మీరు. మార్చి ఆఖరు, అమావాస్య రాత్రి. కొండ మీంచి ఇప్పపూల వాసన వచ్చి పోతోంది.

ముందు ధ్రువనక్షత్రం చిక్కాలి. ఇక్కడ అది 18 డిగ్రీల ఎత్తులోనే, కొండ అంచుకు కాస్త పైన ఉంటుంది. మౌంట్ కింది మరను పావు చుట్టు తిప్పారో లేదో, చుక్క స్క్రీన్ మీది గీత దాటేసింది. వెనక్కి తిప్పండి. మళ్లీ. భూమి తిరుగుడుకు మోటారు జత కుదిరాక టెలిస్కోపు గొట్టాన్ని నడినెత్తికి ఎత్తండి. స్వాతికీ ఉత్తర ఫల్గుణికీ నడుమ, కాస్త ఉత్తరంగా, కోమా గెలాక్సీల గుంపు.

తొలి ఫ్రేము 180 సెకన్లు. సగంలో ఉండగా మలుపు తిరిగిన లారీ లైటు గొట్టం మీద పడి లెన్సులోకి చిమ్మింది. ఆ ఫ్రేము పోయినట్టే. ఇంజను చల్లారడానికి బండి ఆపి, డ్రైవరు దిగొచ్చాడు.

“సుక్కలే గదా బాబూ, దేనికింత సేపు?”

రెండో ఫ్రేము చూపించండి. నడుమ రెండు పసుపు మరకలు: ఎన్‌జీసీ 4889, 4874. నక్షత్రమైతే గట్టి చుక్కగా ఉంటుంది. వీటి అంచు ఎక్కడ ముగిసిందో చెప్పలేం. చుట్టూ చిన్న మరకలు, ఒక్కోటీ ఒక్కో పాలపుంత. గుంపులో వెయ్యికి పైనే ఉన్నాయి. ఈ వెలుగు బయల్దేరి సుమారు 32 కోట్ల ఏళ్లు. మీరు నిలబడ్డ తూర్పు కనుమల ఖోండలైట్ రాయి అప్పటికే ముసలిది!

1933లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ జ్వికీ తలపట్టుకున్నది ఈ గుంపు దగ్గరే. ఇందులోని గెలాక్సీలు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల లెక్కన అటూ ఇటూ పరుగెడుతున్నాయి. వెలిగేదాని బరువు మాత్రమే ఉంటే గుంపు ఎప్పుడో చెదిరిపోవాలి. చెదరలేదు. కనిపించని పదార్థం 400 రెట్లు ఉండాలన్నాడాయన. అప్పటి దూరాల కొలత తప్పు కాబట్టి అది మరీ ఎక్కువ. తర్వాత ఎక్స్ కిరణాల్లో వేడి వాయువు బయటపడింది, నక్షత్రాలన్నిటికంటే బరువైనది. అదీ చాలలేదు. ఇప్పటి లెక్కల్లోనూ గుంపు బరువులో వందకు 80 పాళ్ల పైనే ఆ కనిపించని పదార్థం, అంటే కృష్ణ పదార్థం. జ్వికీ మాటను దశాబ్దాల తరబడి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నోటి దురుసూ ఓ కారణమేమోనని నా అనుమానం.

“టార్పాలిన్ తీసి సూడాలేటి?” అన్నాడు డ్రైవరు, అంతా విని. “లోడెంతో ఘాట్‌లో ఇంజనే సెప్పేస్తాది.”

లారీ ఎక్కి కొరాపుట్ వైపు వెళ్లిపోయాడు. మీకింకా గంటన్నర ఫ్రేములు కావాలి. బ్యాటరీ సగానికి దిగింది.