కుమార్తెకు సింహాసనం: రుద్రమదేవి, వల్లూరు కాయస్థులు, ఇంగ్లండు మటిల్డా

కడప జిల్లాలో పుష్పగిరికి దగ్గరలో వల్లూరు అనే మండల కేంద్రం ఉంది. ఏడు వందల ఏళ్ళ క్రితం కాకతీయ రాజ్యపు దక్షిణ సరిహద్దును కాచిన కాయస్థ నాయకులకు అది రాజధాని. ఓరుగల్లు సింహాసనం మీద ఒక స్త్రీ నిలబడగలిగిందంటే వల్లూరు అండగా ఉండడం అందుకు ఒక పెద్ద కారణం. చివరికి ఆమె ప్రాణం తీసినదీ వల్లూరే.

1199లో గణపతిదేవుడు కాకతీయ రాజయ్యాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో జాన్ రాజయ్యాడు. జాన్ తన అన్న కొడుకు ఆర్థర్‌ను పక్కకు నెట్టి కిరీటం పెట్టుకున్నాడు. ఆ కుర్రవాడు 1203లో చెరలోనే కనబడకుండా పోయాడు. రాజుల గ్రంథాలు, దినవృత్తాంతములు చదివే మనకు ఇలాంటి సంగతులు కొత్త కావు. గణపతిదేవుడి కష్టం మాత్రం వేరు. ఆయన తన వారసురాలిగా కుమార్తె రుద్రమను ఎంచుకున్నాడు.

సరిగ్గా ఇదే కష్టం అంతకు నూరేళ్ళ ముందు ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి వచ్చింది. 1120 నవంబరు 25 రాత్రి నార్మండీ తీరంలో ‘వైట్ షిప్’ అనే ఓడ మునిగి, ఆయన కొడుకు విలియం చనిపోయాడు. ధర్మపత్నికి పుట్టినవారిలో మిగిలింది కుమార్తె మటిల్డా ఒక్కతే. 1127లో హెన్రీ తన సామంతులను, బిషప్పులను పిలిపించి, తన తరువాత మటిల్డానే ఏలికగా అంగీకరిస్తామని వారి చేత ప్రమాణం చేయించాడు. అయితే ఆ హెన్రీ రాజైన తీరు ఏమిటి? 1100లో అన్న రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోతే, ఇంకో అన్న రాబర్ట్ యెరూషలేము యుద్ధం నుంచి ఇల్లు చేరేలోపు విన్‌చెస్టర్ ఖజానా చేజిక్కించుకొని, మూడో రోజున పట్టాభిషేకం చేయించుకున్నాడు. తరువాత రాబర్ట్‌ను ఓడించి, చచ్చేదాకా ఖైదులోనే ఉంచాడు.

1135 డిసెంబరు 1న హెన్రీ చనిపోయేసరికి మటిల్డా సముద్రానికి అవతల ఉంది. ఆయన మేనల్లుడు స్టీఫెన్ మేనమామ చూపిన దారినే పట్టాడు. ముందు ఖజానా, ఆ తరువాత కిరీటం. మూడు వారాల్లో పని పూర్తయింది. అభిషేకించినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, మటిల్డా కోసం ప్రమాణం చేసినవారిలో ఒకడు. మరణశయ్య మీద రాజు మనసు మార్చుకున్నాడని ఒక సామంతుడు చెప్పిన మాట ఆయనకు సరిపోయింది. కుమారులు లేని తండ్రి స్వాస్థ్యం కుమార్తెలకు చెందాలని సంఖ్యాకాండంలో సెలోపెహాదు కుమార్తెల విషయంలో వచ్చిన తీర్పు ఆ పండితులకు తెలియనిదేమీ కాదు. తరువాత పద్దెనిమిదేళ్ళకు పైగా దేశం నలిగింది. 1141లో స్టీఫెన్ పట్టుబడ్డాడు, మటిల్డా లండన్ దాకా వచ్చింది. కిరీటం పెట్టుకోకముందే పట్టణస్థులు తరిమేశారు. ఆమెకు గర్వం ఎక్కువని ఆ కాలపు రచయితలు రాశారు. అవే మాటలు ఆమె తండ్రి నోట వచ్చి ఉంటే దృఢచిత్తం అనేవారేమో!

గణపతిదేవుడు ప్రమాణాలను మాత్రమే నమ్ముకోలేదు. తాను బ్రతికి ఉండగానే కుమార్తెను తనతో పాటు పరిపాలనలో కూర్చోబెట్టాడు. శాసనాల్లో ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’. ఆడపిల్ల రాజ్యమేలడానికి మగపేరు కావలసి వచ్చింది. 1262 ప్రాంతంలో పూర్తి అధికారం ఆమెకు వచ్చింది. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సోదరులు తిరగబడ్డారని ప్రతాపచరిత్ర చెప్పే కథకు శాసనాధారం లేదు. అసలు ప్రమాదం దక్షిణం నుంచి వచ్చింది. నెల్లూరు దగ్గర ముత్తుకూరు యుద్ధంలో పాండ్యులు కాకతీయ సైన్యాన్ని ఓడించారు. కడప సీమ కూడా చేయిజారింది.

ఇక్కడే వల్లూరు కథలోకి వస్తుంది. గంగయ సాహిణి గణపతిదేవుడికి నమ్మకస్తుడు. ‘సాహిణి’ అంటే అశ్వదళాధిపతి. పానగల్లు నుంచి కడప సీమ దాకా పెద్ద ప్రాంతం అతని ఏలుబడిలో ఉండేది. అతని తరువాత ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు వరుసగా అధికారానికి వచ్చారు. పెద్దవాడు జన్నిగదేవుడు రాణి పక్షాన నిలిచి, పాండ్యుల చేతికి పోయిన సీమను తిరిగి రాబట్టాడు. రెండోవాడు త్రిపురారి కొద్ది కాలమే ఏలాడు. మూడోవాడు అంబదేవుడు 1272లో వచ్చాడు. అతనికి ఓరుగల్లు ఆజ్ఞ అక్కరలేదు.

1290లో అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనం చూడాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ఊరు కర్నూలు జిల్లాలోనిదే. గురిజాల శ్రీపతి గణపతిని ఓడించానని, డెబ్బై అయిదుగురు నాయకుల తలలు తీశానని, మనుమగండగోపాలుణ్ణి నెల్లూరు సింహాసనం మీద నిలిపానని అందులో చెప్పుకున్నాడు. కాకతీయ ప్రభువు పేరు మాత్రం ఎక్కడా లేదు. మల్లికార్జునుణ్ణి సప్తాంగాలు లేనివాణ్ణి చేశానన్న మాట ఒకటి ఉంది. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి చిన్న శాసనం ఒకటి ఉంది. అందులో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యలోకం కలగాలని భూమి దానం చేశాడు. చరిత్రకారులు ఈ రెండింటినీ కలిపి చదివి, ఎదిగిన మనుమడున్న వయసులో రాణి అంబదేవుడితో యుద్ధంలోనే చనిపోయిందని నిర్ణయించారు. రాణి మరణం తేదీ మనకు తెలిసింది ఆ సేవకుడి వల్లనే.

అంబదేవుణ్ణి ద్రోహి అని తేల్చేయడం సులభం. కానీ తానే గెలిచిన సీమను తన పేరనే ఏలుకోవాలనుకోవడం ఆనాటి రాజులందరూ చేసిన పనే. స్టీఫెన్‌కూ అతనికీ ఉన్న తేడా ఏమిటంటే, సింహాసనం అంబదేవుడికి దక్కలేదు. రుద్రమకు కొడుకులు లేరు. ఆమె కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు రాజై, 1291లో త్రిపురాంతకం మీదికి సైన్యాన్ని పంపాడు. అంబదేవుడు వెనక్కి తగ్గి ములికినాడులో, అంటే కడప సీమలోనే, స్వతంత్రంగా ఉన్నాడు.

మటిల్డా రాణి కాలేకపోయినా, ఆమె కొడుకు రెండవ హెన్రీ 1154లో పట్టాభిషిక్తుడయ్యాడు. ఆంజెవిన్ వంశం అతనితోనే మొదలు. ఆమె 1167 దాకా బ్రతికి అతని పాలన చూసింది. తరువాత హెన్రీ కొడుకులే 1173లో అతని మీద తిరగబడ్డారు. కడప సీమ కథ 1309లో ముగిసింది. ప్రతాపరుద్రుడు పంపిన జుత్తయ లెంక గొంకయరెడ్డి అంబదేవుడి కొడుకు రెండవ త్రిపురారిని ఓడించి, ములికినాడుకు తానే అధికారి అయ్యాడు. ఆ తరువాత వల్లూరులో కాయస్థుల పాలన లేదు.