పసుపు పెట్టె నుంచి మొబైల్ ఐకాన్ వరకు: గుర్తుల ఎంపిక చరిత్ర

మీ ఫోన్ తెరను ఒకసారి చూడండి. సందేశానికి కవరు బొమ్మ, వెతకడానికి భూతద్దం బొమ్మ కనిపిస్తాయి. వీటినే ఐకాన్లు అంటున్నాం. అక్షరం చదవకపోయినా పని జరగాలన్నది వీటి ఉద్దేశం. ఇది కంప్యూటర్లతో పుట్టిన సమస్య అని మీరు అనుకోవచ్చు. కాని మన దేశం అంతకు ముందే దీనిని చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది.

రంగుల పెట్టెలు

1937 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రంలో అభ్యర్థులకు వేర్వేరు రంగుల బ్యాలెట్ పెట్టెలు కేటాయించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. కాంగ్రెస్ వారు "పసుపు పెట్టె"కు ఓటు వేయమని ప్రచారం చేశారు. అయితే రంగుకు పరిమితి ఉంది. అభ్యర్థులు పెరిగితే తేలికగా పేరు చెప్పగల రంగులు చాలవు. దగ్గరి రంగులు మసక వెలుతురులో ఒకేలా కనిపిస్తాయి.

1951-52 పరీక్ష

తొలి సాధారణ ఎన్నికలలో ఓటర్లు 17 కోట్లకు పైగా ఉన్నారు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత సుమారు 18 శాతం మాత్రమే. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆధ్వర్యంలో ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, దాని మీద ఒక గుర్తు ఏర్పాటు చేశారు. కాంగ్రెస్‌కు కాడి కట్టిన ఎద్దుల జత, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, సోషలిస్టులకు చెట్టు, జనసంఘానికి దీపం వచ్చాయి. ఇవన్నీ పల్లె మనిషికి పరిచయమైనవే అని గమనించండి. పేరు చదవలేని ఓటరు కూడా తన ఓటును తానే, ఎవరి సాయమూ లేకుండా, రహస్యంగా వేయగలగాలి. గుర్తు అర్థం కాకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

1962 ఎన్నికల నాటికి వేర్వేరు పెట్టెలు పోయి, అన్ని గుర్తులూ ఒకే బ్యాలెట్ పత్రం మీదకు చేరాయి. దీనితో కొత్త అవసరం ఏర్పడింది. గుర్తు తనంతట తాను స్పష్టంగా ఉంటే చాలదు, పక్కనున్న గుర్తుతో కలవకుండా ఉండాలి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ వంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యంతరం చెప్పి, హైకోర్టును ఆశ్రయించింది. చిన్నగా ముద్రించిన బొమ్మలో చక్రాల మీద ఉన్న రెండు వాహనాలను వేరు చేయడం కష్టమన్నది ఆ వాదన సారాంశం.

తెర మీది గుర్తులు

1981లో జిరాక్స్ స్టార్, 1984లో యాపిల్ మాకింటోష్ కంప్యూటర్లు ఐకాన్లను వాడాయి. మాకింటోష్ ఐకాన్లను రూపొందించిన సుసాన్ కేర్‌కు ఒక్కో బొమ్మకు దొరికిన స్థలం 32 × 32 చుక్కలు, అంటే 1,024 చుక్కలు మాత్రమే. అంత తక్కువ చోటులో వివరాలు ఇమడవు. ఆకారం ఒక్కటే నిలుస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. ఎన్నికల గుర్తుకు అర్థం ఒప్పందం వలన వస్తుంది. చెట్టుకూ సోషలిజానికీ సహజమైన సంబంధం లేదు. ప్రచారమే ఆ సంబంధాన్ని నేర్పింది. ఐకాన్‌కు అలాంటి ప్రచారం ఉండదు కనుక అది చేయబోయే పనిని తానే సూచించాలి. ఆ సూచన కూడా కాలంతో మారుతుంది. ఫ్లాపీ డిస్క్‌ను ఎన్నడూ చూడనివారు కూడా "భద్రపరచు" అనే పనికి దాని బొమ్మనే నొక్కుతున్నారు. అంటే వారికి అది ఒప్పంద చిహ్నంగా మారిపోయింది.

కాబట్టి గుర్తును ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: వాడేవారికి అది పరిచయమేనా? చిన్నదిగా చేసినా ఆకారం తెలుస్తుందా? రంగు తీసివేసినా పక్కదానితో కలవకుండా ఉంటుందా?

అభ్యాసం: మార్కెట్ ధరలు తెలిపే యాప్‌కు వరి, పత్తి, మిరప, కంది గుర్తులను పెన్సిలుతో గీయండి. చదువురాని ఒక పెద్దవారికి చూపి, ఏది ఏమిటో అడగండి. వారు పొరబడితే తప్పు వారిది కాదు, మీ బొమ్మది. ఎక్కడ పొరబడ్డారో, ఎందుకు పొరబడ్డారో పది వాక్యాలలో రాయండి.