గుత్తి సాలీడు

గుత్తి సాలీడు తూర్పు కనుమల అడవులలో, చెట్లపై నివసించే ఒక టరంటులా సాలెపురుగు. దీని శాస్త్రీయ నామం పోయెసిలోథీరియా మెటాలికా. ఇది థెరఫోసిడే కుటుంబానికి చెందినది. ప్రకాశవంతమైన నీలివర్ణం వలన ఐరోపా, అమెరికా దేశాలలో సాలీళ్ళను పెంచేవారిలో ఇది మిక్కిలి ప్రసిద్ధి పొందినది. దీని రంగు, గుర్తులు అన్ని దశలలోను ఒకే విధంగా ఉండవు. అందువలన రంగును మాత్రమే చూసి జాతిని నిర్ణయించడం సరికాదు.

పేరు, చరిత్ర

బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ 1899లో ఈ జాతిని వర్ణించాడు. మొదటి నమూనా అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వేవారి కలప నిల్వచేసే చోట లభించినది. అది కలపతో పాటు రైలులో అక్కడికి చేరి ఉంటుందని భావిస్తున్నారు. ఆ తరువాత సుమారు నూరేళ్ళపాటు దీని జాడ తెలియలేదు. 2001లో గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల - గిద్దలూరు మధ్యనున్న ఆకురాల్చు అడవిలో ఇది మరల కనుగొనబడినది. ఆ విధంగా, తన నివాసం కాని ఊరి పేరే దీనికి స్థిరపడినది.

వర్ణన

కాళ్ళు చాచినప్పుడు దీని వెడల్పు 15 నుండి 20 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. నీలి కాళ్ళపై పసుపు మచ్చలు, ఉదరం పైభాగాన లేత రంగు చారతో కూడిన చిక్కని అల్లిక కనిపిస్తాయి. ఇది పగలు చెట్టు తొర్రలలో దాగి, రాత్రివేళ కీటకాలను వేటాడుతుంది. ఆడవి 11-12 సంవత్సరాలు, మగవి 3-4 సంవత్సరాలు జీవిస్తాయి. దీని కాటు వలన తీవ్రమైన నొప్పి, కండరాల పట్టు కలుగుతాయి. మరణాలు నమోదు కాలేదు.

గుర్తులలో భేదాలు

* వయసు: పిల్లలలో రంగు వెలిసినట్లుండును. కుబుసం విడిచిన కొలదీ నీలం చిక్కబడును.
* కుబుసం: విడిచే ముందు రంగు మాసిపోయి, విడిచిన వెంటనే నిగనిగలాడును. ఒకే సాలీడు కొద్ది రోజుల తేడాలో వేరు జీవిగా తోచవచ్చును.
* లింగం: ఎదిగిన మగవాటి శరీరం సన్నగా, కాళ్ళు పొడవుగా ఉండును. పిల్లలలో గుర్తులను బట్టి లింగం తెలియదు. విడిచిన కుబుసం లోపలి భాగాన్ని పరీక్షించి తెలుసుకొనెదరు.
* వెలుతురు: ఈ నీలం రంగుపదార్థం వలన కలిగినది కాదు. వెంట్రుకలలోని అతిసూక్ష్మ నిర్మాణాలు నీలి కాంతిని పరావర్తనం చెందించుట వలన కలుగును. మసక వెలుతురులో ఇదే సాలీడు నల్లగా కనిపించును. టరంటులాలలో నీలివర్ణం కనీసం 8 సార్లు వేర్వేరుగా పరిణమించినదని 2015లో ఒక పరిశోధన తెలిపినది. కాబట్టి నీలంగా ఉన్నంత మాత్రాన రెండు జాతులు దగ్గరి బంధువులు కానవసరం లేదు.

ఈ ప్రజాతిలోని జాతులను వేరుచేయడానికి కాళ్ళ అడుగుభాగపు మచ్చల అమరిక ముఖ్యమైన ఆధారం. ఉదాహరణకు, దీని బంధువైన పోయెసిలోథీరియా రెగాలిస్‌కు ఉదరం అడుగున అడ్డంగా లేత పట్టీ ఉంటుంది.

నల్లమల శ్రేణి కృష్ణానదికి ఉత్తరాన పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలోని అమ్రాబాద్ అడవుల వరకు విస్తరించి ఉన్నది. అక్కడ పెద్ద సాలీడు కనిపించినప్పుడు, పైనుండి తీసిన ఒక్క ఫొటోను బట్టి దానిని గుత్తి సాలీడుగా భావించరాదు.

పెంపకం, సంరక్షణ

పెంపకంలో పుట్టిన గుత్తి సాలీళ్ళు విదేశాలలో విరివిగా లభిస్తున్నాయి. అయితే గుర్తుల పోలికను నమ్మి వేరు జాతులను జతపరచినచో సంకర సంతానం కలిగే ప్రమాదమున్నది. అటువంటి సంతానం జాతి పరిరక్షణకు ఉపయోగపడదు.

సహజ నివాసంలో దీని స్థితి ఆందోళనకరం. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా ప్రకటించినది. అప్పటికి తెలిసిన ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. వంటచెరకు, కలప కొరకు చెట్లు నరకడం, వ్యాపారానికి పట్టుకొనిపోవడం ముఖ్యమైన ముప్పులు. 2019లో పోయెసిలోథీరియా ప్రజాతిని సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చినారు. దీనితో అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి అయినవి.