స్పీకర్ గొంతు ఎందుకు బొంగురుపోతుంది? గాలిని స్ప్రింగ్ చేసిన మనిషి కథ

చిన్న స్పీకర్‌లో సౌండ్ ఫుల్లుగా పెడితే పాట గరగరలాడుతుంది కదా. దాన్నే డిస్టార్షన్ అంటారు. దాని మీద 1954లో సాధించిన ఒక గెలుపు గురించి ఈ ఎపిసోడ్.

ముందు అసలు యంత్రం చూద్దాం. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రచురించిన డిజైనే ఇవాళ్టి మన స్పీకర్లకూ మూలం. అయస్కాంతంలో సన్నటి సందు, ఆ సందులో తీగచుట్ట, దానికి అతికించిన కాగితం కోన్. కరెంటు మారినట్టల్లా కోన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. కోన్ అంచూ, వెనకాల ఉండే ముడతల గుడ్డా దాన్ని మళ్లీ మధ్యలోకి లాగుతాయి.

గొడవంతా ఆ లాగడంలోనే ఉంది. కొంచెం కదిలినంతసేపు గుడ్డ బుద్ధిగా సాగుతుంది. ఎక్కువ కదిలితే బిగుసుకుపోతుంది. అప్పుడు రెండింతల కరెంటు ఇచ్చినా కోన్ రెండింతలు కదలదు. తీగచుట్ట సందు దాటి బయటికొస్తే నెట్టే బలమూ తగ్గుతుంది. దాంతో పాటలో లేని స్వరాలు పుట్టుకొస్తాయి. బేస్‌లో ఇది మరీ ఎక్కువ. ఫ్రీక్వెన్సీ సగమైతే, అంతే సౌండ్‌కి కోన్ నాలుగింతలు కదలాలి మరి!

అప్పట్లో మంచి బేస్ కావాలంటే పెద్ద పెట్టె కొనాల్సిందే. ఎడ్గర్ విల్చర్ అనే ఆయన వేరేగా ఆలోచించాడు. లోపం గుడ్డలో ఉంటే, ఆ పని గుడ్డకెందుకు ఇవ్వాలి? గుడ్డని బాగా వదులు చేసి, కోన్‌ని గాలి చొరబడని చిన్న పెట్టెకి బిగించాడు. ఇప్పుడు లోపలి గాలే స్ప్రింగ్. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కి చూడండి, ఆ స్ప్రింగ్ తెలుస్తుంది. పెట్టెలోని గాలితో పోలిస్తే కోన్ తోసే గాలి చాలా తక్కువ. అందుకే ఆ స్ప్రింగ్ గుడ్డలాగా మొరాయించదు.

1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టాడు. ఏఆర్-1 స్పీకర్ వచ్చింది. చిన్న పెట్టెలోంచి లోతైన, శుభ్రమైన బేస్!

ఊరికే రాలేదండోయ్. అంతే సౌండ్‌కి ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ పవర్ కావాలి. 1956లో వచ్చిన పేటెంట్ కూడా నిలవలేదు. హ్యారీ ఓల్సన్ పాత పేటెంట్‌లో ఈ ఆలోచన ఉందని కోర్టులో అది చెల్లకుండా పోయింది. ఆయనకి అది నష్టమే. కానీ ఆ దారి అందరికీ తెరుచుకుంది.

ఈసారి స్పీకర్ కొనేటప్పుడు వాట్లు మాత్రమే చూడకండి. సౌండ్ పెంచి, బేస్ శుభ్రంగా ఉందో లేదో వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.