గేలికు ఊళ్ల పేర్లు

దస్త్రములలో ఒకే గ్రామము పేరు మూడు విధములుగా వ్రాయబడి యుండుట మన కార్యాలయోద్యోగులకు వింత కాదు. ఉద్యోగము క్రొత్తలో అట్టి పేరొకటి సరిచూడక నకలు తీసి నేను పై యధికారిచే చీవాట్లు తింటిని. అందుచేతనే కాబోలు, ఐర్లండు భూమి కొలతల చరిత్ర నాకు మిక్కిలి ప్రియమైనది.

ఐర్లండు ప్రాచీనభాష గేలికు. అందలి ఊళ్ల పేర్లు చాలవరకు నేలను చూచి పెట్టినవే. 'బల్య' యనగా ఊరు, 'డ్రిమ్' మిట్ట, 'గ్లన్' లోయ. 'దువ్ లిన్', అనగా నల్లని మడుగు, డబ్లిను అయినది. గేలికు మాటలాడువారు మాత్రము ఆ నగరమును 'బల్య ఆహ క్లియా' అందురు; తడికల రేవు గల ఊరని యర్థము. 1014 నాటి యుద్ధముచే ప్రసిద్ధమైన క్లాంటార్ఫు ఆబోతుల పచ్చిక.

1824లో బ్రిటిషు ప్రభుత్వము పన్ను మదింపు నిమిత్తము, మైలుకు 6 అంగుళముల చొప్పున, దేశమంతటికిని పటములు గీయింప నిశ్చయించెను. 60 వేలకు పైబడిన చిన్న పొలిమేరలకు పేర్లు వ్రాయవలెను. కొలుచు సైనికులకు గేలికు రాదు. పూర్వపు దస్తావేజులను చూతమన్న, అందు గుమాస్తాలు చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసియుండిరి. గేలికున 'కిల్' చర్చి, 'కైల్' అడవి. ఇంగ్లీషు వ్రాతలో పలుచోట్ల రెండును 'కిల్' అయ్యెను. కిల్మోర్ అను ఊళ్లు పెక్కు గలవు. కొన్ని పెద్ద చర్చి, కొన్ని పెద్ద అడవి. పటము చూచి చెప్ప నెవరి తరము?

1830లో జాన్ ఓ డోనవన్ అను గేలికు పండితుడు ఈ కొలువున చేరెను. రైతుబిడ్డ. అతడు సీమ వెంట సీమ తిరిగి, వృద్ధులచే పేరు పలికించి విని, పేర్ల పుస్తకములలో పాత రూపముల సరసన మూలమును, అర్థమును వ్రాసెను. వానను, చెడ్డ బసలను గూర్చి అతడు పైవారికి వ్రాసిన మొరలు చదివినపుడు మన క్యాంపులు జ్ఞప్తికి రాకపోవు! అయినను అచ్చుపటమున కెక్కినది ఇంగ్లీషు వ్రాతయే. మూలార్థము పుస్తకముననే యుండిపోయెను.

1846 నాటికి పటముల అచ్చు ముగిసెను. 1845లోనే బంగాళాదుంపకు తెగులు సోకియుండెను. ఆ కరవున సుమారు 10 లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కిరి. గేలికు నిలిచియున్న పడమటి పల్లెలకే దెబ్బ ఎక్కువ తగిలెను. పిమ్మట పెక్కు సీమలలో ఆ పేర్లను సరిగా పలుకు నోరే కరవయ్యెను. ఓ డోనవన్ వ్రాత మిగిలెను.

స్వతంత్ర ఐర్లండు 1946లో పేర్ల పరిశీలనకు సంఘము నియమించెను. 2005లో డింగిల్ పట్టణమునకు గేలికు పేరే అధికారికమని ప్రభుత్వము శాసించగా, గేలికు సీమలోనిదైన ఆ యూరివారే ఎదురు తిరిగిరి. యాత్రికులు ఎరిగిన పేరు పోరాదనిరి. 2006లో ఓటు వేసి రెండు పేర్లును కోరిరి. 2011లో చట్టము వారి మాటకు వచ్చెను.