మేడ్చల్ తొవ్వ, శామీర్‌పేట తొవ్వ

ఆ మొద్దును జెర లోపలికి నూకు బిడ్డా, పొగంత నాయినమ్మ దిక్కు పోతున్నది. ఆఁ, గట్ల. ఇగ అందరు ముంగటికి జరుగుండ్రి.

ఏ కేసులు వాదించినవ్ తాతా అని అడుగుతున్నది గదా ఈ లా కాలేజి పిల్ల. వాదించుడు తక్కువ బిడ్డా. నా పనంత గల్ఫ్ పోయినోళ్ళ ఇండ్లల్ల, తాసిల్ ఆఫీసులల్ల, నోటరీ బల్లల కాడ నడిచింది. ఫీజు లేని వకీలును నేను.

మేడ్చల్ మీదికెల్లి పోయే తొవ్వ తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి దాటి నిజామాబాద్ పోతది. శామీర్‌పేట మీదికెల్లి పోయేది సిద్దిపేట, కరీంనగర్ పోతది, అటుకెల్లే సిరిసిల్ల. బాయిలెండి, బోర్లు పడక, మిత్తికి తెచ్చిన అప్పు తీరక, ఈ రెండు తొవ్వల పొడుగూత ఉన్న పల్లెలు దుబాయ్, మస్కట్, సౌదీ పట్టినయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008ల వచ్చింది. దానికి ముందు బేగంపేట, ఇంకా ముందైతె బొంబాయి. గప్పుడు మన మేడ్చల్ పట్టాల మీదికెల్లి మన్మాడ్ పోయే మీటర్ గేజి రైలుండె. సంకల సంచి, జేబుల ఏజెంటు ఫోన్ నంబరు, గంతే వాళ్ళ సామాను. మన తాన దిగేటోళ్ళు కాదు వాళ్ళు. కష్టమొచ్చినంక ఇంట్ల ఆడోళ్ళు దిగేటోళ్ళు. పట్నంల ఆఫీసులన్ని తిరిగి తిరిగి, పొద్దుగూకె యాల్లకు మేడ్చల్‌ల బస్సు దిగి మన ఇల్లు ఎక్కడని అడుక్కుంట వచ్చేటోళ్ళు.

చట్టం లేక కాదు. 1922ల బ్రిటిషోళ్ళు చేసిన చట్టాన్ని తీసేసి 1983ల ఎమిగ్రేషన్ చట్టం తెచ్చిన్రు. సర్కారు కాడ రిజిస్ట్రేషన్ లేకుంట ఎవ్వలు మనుషులను బయటిదేశం పనికి పంపొద్దు, పంపితె రెండేండ్ల దాక జైలు. పదో తరగతి పాస్ కానోడు గల్ఫ్ పోవాల్నంటె ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు కెల్లి క్లియరెన్స్ తెచ్చుకోవాలె. ఏజెంటు ఫీజుకు సుత హద్దు ఉన్నది, ఇప్పుడైతె 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఊర్ల ఏజెంటు లక్షలు తీసుకుంటడు. రశీదు అడిగితె ‘నా మీద నమ్మకం లేదా’ అంటడు. లైసెన్సు బొంబాయిల ఎవ్వనికో ఉంటది, ఊర్లున్నోడు వాని కింది మనిషి. వాని మీద కేసు పెట్టుండ్రి అంటె పెట్టరు. వాడు మేనత్త కొడుకో, పక్క పొలమోడో అయితడు మరి.

విజిట్ వీసా మీద పంపుడు ఇంకో మోసం. విజిట్ మీద పోయినోనికి క్లియరెన్స్ ఉండది. క్లియరెన్స్ తోని పోయినోనికి ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటున్నది, 2003ల మొదలైంది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంల పోతె ఇంటోళ్ళకు 10 లక్షలు. రెండు కల్లు సీసల పైసలు బిడ్డా! ఏజెంటు ఆ ఒక్క కాగితం ఎగబెట్టినందుకు ఎన్ని ఇండ్లు బజార్ల పడ్డయో నేను కండ్లార చూసిన. ఇప్పటికీ నాకు కడుపు మండుతది.

ఆడ దిగంగనే పాస్‌పోర్టు కఫీల్, అంటె వీసా ఇచ్చిన యజమాని, గుంజుకుంటడు. జీతం ఇయ్యడు. ఓర్సుకోలేక బయటపడి వేరే తాన పనికి పోతె కల్లివల్లి, అంటె కాగితాలు లేని మనిషి, అయితడు. కఫీల్ పరారీ అని రాసిస్తె ఇగ పోలీసోనికి దొరికితె జైలే. 2007ల యూఏఈ, 2013ల సౌదీ క్షమాభిక్ష పెట్టినప్పుడు వేలమంది బయటకొచ్చిన్రు. అయితె ఇంటికి పోను ఔట్‌పాస్ ఇయ్యాల్నంటె వీడు ఇండియావోడే అని ఎంబసీకి రుజువు కావాలె. ఆ రుజువు ఆడ లేదు, ఈడ ఇంట్ల ఉన్నది. రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్, పాత పాస్‌పోర్టు జిరాక్స్. గందుకే పోయేటోడు ఎవ్వడొచ్చినా ఒక్కటే చెప్పేటోన్ని: నీ పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, అన్నిటి జిరాక్స్‌లు భార్య చేతిల పెట్టి పో. అన్న చేతిల కాదు, బాపు చేతిల కాదు.

ఎందుకు భార్య చేతిలనే అంటున్ననో చెప్తా.

కామారెడ్డి దిక్కు ఒకామె వచ్చింది. మగడు సౌదీల పనికాడ పడి పోయిండు. వారాలు గడిచినా శవం రాలేదు. ఎంబసీకి ఇంటోళ్ళ అంగీకార పత్రం కావాలె, పాస్‌పోర్టు కాపీ కావాలె. ఆమె ఇనుప పెట్టెల, చీరెల కింద, ఆయన అకామా, అంటె సౌదీల ఉండే గుర్తింపు కార్డు, దాని జిరాక్స్ దొరికింది. ఎన్నడో ఫ్యాక్స్ చేసిండట. ఆ నంబరు పట్టుకోని కంపెనీ పేరు తీసినం, శవం తెప్పిచ్చినం. అప్పుడు మొదలైంది అసలు పంచాయితి. రావల్సిన జీతం బాకీ, సర్వీసు పైసలు, ఇవన్ని అడగాల్నంటె ఎంబసీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాయాలె, తాసిల్దార్ ఇచ్చే వారసుల సర్టిఫికెట్ జతచెయ్యాలె. మరిది వచ్చిండు. ‘నా పేరు మీద రాయుండ్రి, వదినెకు సదువు రాదు’ అన్నడు. మామ సుత అదే మాట. ఊర్ల పెద్దమనుషులు తలకాయలు ఊపిన్రు.

నేను 1956 హిందూ వారసత్వ చట్టం ముంగట పెట్టిన. మగోడు వీలునామా లేకుంట పోతె భార్యకు, ఒక్కొక్క కొడుకుకు, బిడ్డకు, తల్లికి తలా ఒక పాలు. ఆ వరసల వాళ్ళుండంగ తండ్రికి లేదు, అన్నదమ్ములకు లేదు. అత్త పాలు అత్తకు ఇయ్యాల్సిందే, దాంట్ల నాకు రెండో మాట లేదు. మరిదికి మాత్రం పైస రాదు. మరిది నా మీద లేచిండు, తిట్టిండు. ఆమె గప్పటిదాక తలకాయ ఎత్తలేదు. తాసిల్ ఆఫీసుల మాత్రం ‘నేనే ఏలుముద్ర ఏస్త’ అని ముంగటికొచ్చింది. పైసలు రావడానికి శానా దినాలు పట్టింది గని ఆమె ఖాతాలనే పడ్డయి.

ఈ పనికి నాకు బలం ఇచ్చింది 1987 న్యాయ సేవల చట్టం. 1976ల రాజ్యాంగంల 39ఏ చేర్చిన్రు, ఉచిత న్యాయ సహాయం సర్కారు బాధ్యత అని. ఆ చట్టం అమలుకొచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. దాంట్ల ఆడామెకు ఎంత ఆస్తి ఉన్నదని అడగొద్దు, ఆడామె అయితె చాలు. మగడు సముద్రం అవతలుంటె ఈడ దరఖాస్తు పెట్టేది ఆమెనే గదా!

కువైట్ ముచ్చట సుత ఇనుండ్రి. 1990 ఆగస్టుల ఇరాక్ సద్దాం కువైట్ మీద పడ్డడు. అమ్మాన్ కెల్లి విమానాలల్ల లక్షన్నరకు పైన మనోళ్ళను తెచ్చిన్రు. కువైట్‌ల కడప, గోదావరి జిల్లాలోళ్ళు ఎక్కువ. తర్వాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం కమిషన్ పెట్టింది, కువైట్ ఇడిసి వచ్చినందుకే ఒక్క మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. నేను గప్పుడు జూనియర్‌ను, ఫారాలు నింపుడు నా పని. తమ దేశం కాని దేశంల కూలి చేసినోనికి సుత హక్కు ఉంటదని నేను నేర్సుకున్నది ఆ ఫారాల కాడనే.

అన్ని కేసులు గట్ల తేలయి. సిరిసిల్ల దిక్కు మనుషులు దుబాయ్ జైల్ల పడ్డరు, 2005ల ఒక నేపాలీ వాచ్‌మన్ చచ్చిన కేసు. 2011ల సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ పోయి చచ్చినాయన ఇంటోళ్ళకు 15 లక్షలు ఇచ్చి క్షమాభిక్ష పత్రం తెచ్చిండు. అయినా వాళ్ళల్ల ఎక్కువమంది ఇల్లు చేరింది 2024ల. పోయేనాడు సంకల ఉన్న పిల్లలకు పెండ్లిళ్ళ ఈడొచ్చింది.

ఇగ అమెరికా. మన పక్కనున్న మైసమ్మగూడ, కండ్లకోయ కాలేజీల పిల్లలు పోయేది ఆడికే గదా. 2011ల కాలిఫోర్నియాల ట్రై వ్యాలీ యూనివర్సిటీ దొంగదని తేలితె మన పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టిన్రు. 2019ల మిషిగన్‌ల ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ, అది అమెరికా సర్కారే పెట్టిన ఉత్తుత్తి కాలేజి. జనవరిల దాదాపు 130 మందిని పట్టుకున్నరు, శానామంది తెలుగోళ్ళే. ఆ దేశం ఇమ్మిగ్రేషన్ కోర్టుల నీకు వకీలు ఉండొచ్చు గని సర్కారు ఖర్చు తోని ఇయ్యరు. గందుకే ఆడ ఫీజు లేకుంట వాదించే సంస్థల వకీళ్ళు అంత అవసరం. ఆటా అసొంటి తెలుగు సంఘాలు గప్పుడు ఆ పిల్లలకు వకీళ్ళను చూపిచ్చినయి. ఈడ తల్లిదండ్రులు నా తానకొచ్చి ఏడిస్తె నేను చెప్పింది ఒక్కటే: ఆడ లైసెన్సున్న అటార్నీతోని మాట్లాడందె ఏ కాగితం మీద సంతకం పెట్టొద్దనుండ్రి.

సరె, సలి పెరుగుతున్నది. బిడ్డా, నువ్వు పండుకునే ముందు ఇది ఇనిపో. రేపు రామాయంపేట కెల్లి ఒకామె వస్తది. మగడు మస్కట్‌ల ఉన్నడట, నెలలాయె ఫోన్ లేదట. రాసుకునేది నువ్వే. ముందుగాల ఏజెంటు పేరు అడగకు, బుగులు పడ్తది. పాస్‌పోర్టు జిరాక్స్ అడుగు. అది లేకుంటె ఆమె ఫోన్ తీసుకోని ఆయన పంపిన ఫొటోలన్ని చూడు, ఎనక బోర్డు మీదనో, అంగీ మీదనో కంపెనీ పేరు ఉంటది. విదేశాంగ శాఖోళ్ళు 2015ల పెట్టిన ‘మదద్’ పోర్టల్ల ఆమె పేరు మీదనే ఫిర్యాదు ఎక్కియ్యి, నంబరు ఆమె చేతికి రాసియ్యి. ఆమెతోని మామ సుత వస్తడట. ఆయనకు చాయ పోసి నా కాడ అరుగు మీద కూసోపెట్టు, నేను ముచ్చట పెడ్త. లోపల నువ్వు, ఆమె, ఇద్దరే కూసోండ్రి.