మెట్ట సేద్యానికి సొంత గొంతు: జహీరాబాద్ ప్రాంతంలో సంఘం రేడియో

సంఘం రేడియో 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచునూరు నుంచి 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు మొదలుపెట్టింది. దళిత మహిళా రైతుల సంఘాలు, వాటితో కలిసి 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దీన్ని నెలకొల్పాయి. రేడియో కేంద్రం నిర్వహణ మొదటినుంచీ జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళల చేతుల్లో నడిచింది. ప్రసారం రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు. పొలం పని ముగించుకుని, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి వినగలిగే వేళ అది.

సేద్యానికి రేడియోను వాడుకోవడం మన దేశంలో కొత్త కాదు. కెనడాలో 1941లో మొదలైన రైతు రేడియో వేదికల నమూనాను 1956లో యునెస్కో తోడ్పాటుతో పుణె ఆకాశవాణి పరీక్షించింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలోని అయిదు జిల్లాల్లో 150 గ్రామాలను ఎంచుకున్నారు. ఊరివాళ్లు గుంపుగా కూర్చుని కార్యక్రమం విని, చర్చించి, తమ సందేహాలను కేంద్రానికి రాసి పంపేవారు. ఫలితాలు బాగుండడంతో 1959లో పథకాన్ని దేశమంతా విస్తరించారు. 1966లో ఆకాశవాణి వ్యవసాయ విభాగాలను ఏర్పాటు చేసినప్పుడు మాత్రం ప్రసారాల దృష్టి అధిక దిగుబడి వంగడాల మీదికి మళ్లింది. ఫలానా విత్తనం, ఇన్ని కిలోల యూరియా, ఇన్ని తడులు అన్న సలహా కాలువ కింది వరి రైతుకు నిజంగానే పనికొచ్చింది. వానను నమ్ముకున్న ఎర్ర చెలక రైతుకు అందులో దక్కింది తక్కువ.

జహీరాబాద్ ప్రాంతపు మెట్టలో సేద్యం తీరే వేరు. జొన్నతో పాటు కంది, పెసర, కొర్ర, నువ్వు ఒకే చేనులో సాళ్లు మార్చి వేస్తారు. పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది. కంది చలికాలం దాకా నిలుస్తుంది. వాన మధ్యలో మొహం చాటేసినా ఏదో ఒక పంట ఇంటికి చేరుతుంది. ఏ నేలలో దేని పక్కన ఏది వేయాలన్న తెలివి ఊరూరికీ, చేనుచేనుకీ మారుతుంది. దాన్ని రాజధానిలో కూర్చుని రాసి పంపడం సాధ్యం కాదు. ఆ తెలివి ఉన్నవాళ్ల దగ్గరికే మైకు వెళ్లాలి. సంఘం రేడియో చేసిన అసలు పని ఇదే. ఒక ఊరి పెద్దామె విత్తనం దాచే పద్ధతి చెబుతుంది: పేడమట్టితో అలికిన వెదురు గుమ్మిలో అడుగున ఎండుగడ్డి, ఆపైన బూడిద కలిపిన గింజలు, మధ్య మధ్య వేపాకు, చివరికి మూతి కూడా మట్టితో మూసేయడం. చదువు రానివాళ్లకూ, పని చేసుకుంటూ వినేవాళ్లకూ ఇది తమ ఊరి యాసలోనే అందుతుంది. నాటు వేళ పాటలు, చెట్టు మందులు, పండుగ ముచ్చట్లు కూడా ఆ రెండు గంటల్లోనే వస్తాయి. సేద్యాన్ని బతుకు నుంచి విడదీయని ఈ కూర్పు ఆకాశవాణి పద్ధతికి పూర్తిగా భిన్నం.

ఈ గొంతు గాలిలోకి రావడానికి పదేళ్లు పట్టింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1998లో యునెస్కో సాయంతో మాచునూరులో స్టూడియో సిద్ధమైంది. అనుమతి మాత్రం రాలేదు. మహిళలు ఊరికే ఉండకుండా కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి, ఊళ్లలో సంఘం సమావేశాలప్పుడు టేపురికార్డరులో వినిపించారు. కేంద్ర ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకే తలుపు తెరిచింది. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం 2006 నవంబరు విధానంతో గానీ దక్కలేదు. తర్వాతి ఏడాదుల్లో ఇతర చోట్లా ఇలాంటివి పుట్టాయి. గుజరాత్‌లో ‘సేవ’ (SEWA) సంస్థ మహిళలు నడిపే రూడీ నో రేడియో వాటిలో ఒకటి.

ఆ 2006 విధానమే కొన్ని హద్దులూ గీసింది. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు దాటకూడదు, స్తంభం ఎత్తు 30 మీటర్లు మించకూడదు. కాబట్టి గొంతు చుట్టుపక్కల పల్లెలకే చేరుతుంది. స్థానిక మాటకు అది లోపం కాదు. సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిషేధం మాత్రం రైతుకు నేరుగా నష్టం. మండలంలో మొలకెత్తని విత్తనాలు అమ్ముడైతే ఆ సంగతిని వార్తగా చెప్పే వీలు ఆ ఊళ్ల రేడియోకే లేదు. ఈ నిషేధానికి సమర్థన దొరకడం కష్టం.

డబ్బు సమస్య ఇంకా లోతైనది. 2006 విధానం గంటకు అయిదు నిమిషాల ప్రకటనలను అనుమతించింది, తర్వాత ఆ పరిమితిని పెంచారు కూడా. అయితే పల్లె రేడియోను వెతుక్కుంటూ వచ్చే ప్రకటనలు ఎక్కువగా రసాయన ఎరువులు, పురుగుమందులు, సంకర విత్తనాలవే. ఇంటి విత్తనం నిలుపుకోవాలని చెప్పే కేంద్రానికి ఆ డబ్బు పనికిరాదు. అందువల్ల ఖర్చు సంఘాల మీదా, వాటికి అండగా ఉన్న సంస్థ మీదా పడుతుంది.